అరువు తోలు

పోయిన వారం పిప్ డాక్టర్ని వానలో, బురదలో దిగబడ్డ బండిలో వదిలేసి వచ్చాం. ఆమె అక్కడే కూర్చునే రకం కాదు. బండిని దాని ఖర్మానికి వదిలి, మందుల పెట్టె చంకన పెట్టుకుని, మిగతా దారి నడిచే టసాక్ డౌన్స్ అనే గొర్రెల దొడ్డి చేరింది. గురువారం, ఆమె మందు పిల్లలకి ఇవ్వొచ్చా లేదా తేల్చే పెద్దలు కూర్చుంటారు. వాళ్ళకి చూపించడానికి తూయి అనే గొర్రెని ఇంకోసారి వీడియో తీసుకోవాలి. ఆమె వచ్చిన పని అంతే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రౌకురాకి ఇద్దరు పిల్లలు. పెద్దాడు రేవికి ఆరో ఏట చూపు పోయింది, ఆ తర్వాత మాట, ఆ తర్వాత నడక, పదమూడో ఏట ప్రాణం. బాటెన్ అంటారు ఆ జబ్బుని. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం తెచ్చుకుని పుట్టే జబ్బు. మోస్తున్నామని ఆ ఇద్దరికీ తెలియదు, పిల్లలు పడిపోయేదాకా. చిన్నది మైరేకి ఇప్పుడు ఏడేళ్ళు. రెండేళ్ళ కిందటి చలికాలం నుంచి అదీ గుమ్మాలకి గుద్దుకుంటోంది. మొగుడు ఉన్ని కత్తిరించే ముఠాతో ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఇంటికి వస్తే పిల్ల కళ్ళలోకి చూడాలి కనక అతను రావడం తగ్గించేశాడు.

ఇదే జబ్బుతో పుట్టే గొర్రెల మంద ఒకటి మా కాంటర్బరీ కొండల కింద ఉంది. మైరే పుట్టాక గాని రేవిది ఆ జబ్బని తెలియలేదు. తెలిసిన ఏడాదే రౌకురా వచ్చి ఆ మందలో పనికి కుదిరింది. మెదడు ఒకసారి చెడటం మొదలెట్టాక దాన్ని వెనక్కి తిప్పొచ్చా అన్నదే పిప్ డాక్టర్ సగం జీవితం. ఎలుకల్లో తిప్పింది. కానీ ఎలుక మెదడెంత, గింజంత. గొర్రె మెదడు చంటిపిల్ల మెదడుకి కాస్త దగ్గర. చూపు పోయిన నాలుగు గొర్రెలకి పుర్రెలోకి మందు ఎక్కించింది. మూడు చచ్చిపోయాయి, మందు తగలని వాటికన్నా ముందే చచ్చిపోయాయి. మోతాదు ఎక్కువైందనుకుని నాలుగోదానికి తగ్గించి ఇచ్చింది. ఆ నాలుగోదే తూయి. వారం తిరక్కుండా గేట్లు చూసుకుని నడిచింది. ఈ జబ్బున్న గొర్రె ఏదీ రెండేళ్ళు దాటి బతకదు, తూయికి మూడో ఏడు నిండింది. ఒక్క గొర్రెని చూసి పిల్లలకి ఎక్కిస్తారా అని మీరు అడగొచ్చు. పిల్లలు పోతున్న ఇళ్ళలో ఒకటి అంటే చాలా పెద్ద అంకె. గురువారం పెద్దలు సరేనంటే తొమ్మిదిమంది పిల్లలు వరసలో ఉన్నారు. మొదటి పేరు మైరే.

పిప్ షెడ్డులోకి అడుగు పెట్టేసరికి రౌకురా గడ్డి మీద మోకాళ్ళేసి కూర్చుని ఉంది. చేతిలో చిన్న కత్తి, ముందు చచ్చిన గొర్రెపిల్ల. అవతల చిన్న దడిలో దాని తల్లి కాళ్ళు నేలకేసి కొడుతూ అరుస్తోంది. ముసలి మర్డో గడ్డిమోపు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. మందకి పెద్ద కాపరి ఆయనే.

"ఏంది డాక్టరమ్మా, ఈదుకుంటా వచ్చారా?" అన్నాడు మర్డో.

"నవ్వండి, నవ్వండి. నా బండి మీ గేటు దగ్గర మునిగిపోయింది. ట్రాక్టరేసుకుని లాగేది మీరే." పిప్ టోపీ తీసి నీళ్ళు విదిలించి, రౌకురా చేతులకేసి చూసి మొహం చిట్లించింది. "ఏం చేస్తున్నావే బాబూ?"

"చొక్కా కుడుతున్నా" అంది రౌకురా తలెత్తకుండా. "నీకు బజార్లో దొరకదులే ఇలాంటిది."

మెడ దగ్గరా కాళ్ళ దగ్గరా గాటు పెట్టి తోలుని ఒక్క లాగు లాగింది. స్వెటర్ విప్పినట్టు ఊడి వచ్చేసింది. పక్కన గంపలో ఒక అనాథ పిల్ల, తల్లి ఈనుతూనే పోయింది, ఆకలికి మూలుగుతోంది. దాని నాలుగు కాళ్ళూ నాలుగు కన్నాల్లోంచి దూర్చి ఆ తోలు తొడిగింది. రెండు తోకలతో, కాస్త వదులు చొక్కాతో ఆ పిల్ల చూడ్డానికి నవ్వొచ్చేట్టుగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి దడిలో దించింది.

తల్లి అరుపు ఆపింది. వంగి తోక దగ్గర వాసన చూసింది. మళ్ళీ చూసింది. పిల్ల పొదుగు కిందికి దూరిపోయింది. తల్లి గొంతులోంచి సన్నగా, లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది.

"అంతే?" అంది పిప్. ఫోను తీసి వీడియో తీస్తోంది. "అంత తేలిగ్గా నమ్మేసిందా? ఇన్నేళ్ళుగా వస్తున్నా, ఇది ఒక్కసారీ చూళ్ళేదు. నేను వచ్చేసరికి ఈతలన్నీ అయిపోతాయి."

"నమ్మాలనుంటే ఎంతసేపు" అన్నాడు మర్డో.

పిప్ ఫోను దగ్గరికి జరిపింది. తోలు మీద పక్కలో నీలం రంగుతో అంకె ఉంది. నూట పద్దెనిమిది.

"ఈ అంకె?"

"తల్లిది. ఈనగానే తల్లికీ పిల్లకీ ఒకే అంకె కొడతాం. ఎవరి పిల్ల ఎవరిదో తెలియాలిగా."

"మరి ఈ పిల్ల దానిది కాదుగా?"

"ఇప్పుడయిందిలే. రెండు మూడు రోజులకి తోలు కంపు కొడతది. తీసి పారేసి, దీని వంటి మీదే అదే అంకె కొడతాం. తోకలు కోసేనాడు చెవికి అదే బిళ్ళ. ఇంక అది నూట పద్దెనిమిదే, సచ్చేదాకా" అన్నాడు మర్డో టీ ఊదుకుంటూ.

పిప్ మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది గాని, కళ్ళలోంచి మాత్రం వెళ్ళిపోయింది. ఫోను దించింది.

"మన జబ్బు మందలో ఇలా చెయ్యరు కదా?"

"అందులోనా? చస్తే చెయ్యం. రూలు పెట్టింది మీరే. తల్లి పోయినా, పిల్ల పోయినా, ఎవరి అంకె వాళ్ళకే. మిగిలింది సీసాపాలే. ఇది మామూలు మంద కాబట్టి సరిపోయింది. ఏం అమ్మాయ్?"

రౌకురా కత్తిని గడ్డికి తుడుస్తోంది. తుడిచిన కత్తినే మళ్ళీ తుడుస్తోంది.

"రౌకురా" అంది పిప్.

"ఒకసారి చేశాను."

మర్డో కప్పు కింద పెట్టాడు.

"ఏ పిల్లకి?" పిప్ గొంతు చిన్నగా ఉంది. ఆ సమాధానం ఆమెకి అప్పటికే తెలుసు. తెలిసినా ఇంకొకరి నోట వినాల్సినవి కొన్ని ఉంటాయి.

"అరవై మూడు" అంది రౌకురా. తూయి చెవి బిళ్ళ మీద ఉన్నది ఆ అంకె. "రేవిని మా మరాయెలో, మా తాతముత్తాతల పక్కన మట్టిచేసి తిరిగొచ్చిన వారం. దక్షిణం నుంచి చలిగాలి, మంచు. అరవై మూడు పిల్ల పుట్టి రెండ్రోజులయింది, పొద్దున చూస్తే బిగుసుకుపోయి ఉంది. ఆ తల్లి దాన్ని కాలితో తట్టి లేపుతోంది పిప్. లేవవేం, లేవవేం అన్నట్టు తడుతోంది. సీసాపాల దడిలో మామూలు మంద పిల్లొకటి ఉంది. నేను... నాకా అరుపు వినబడకూడదనిపించింది. అంతే. దాని ఒక్క దాని అరుపైనా ఆపాలనిపించింది."

"అప్పటికి జబ్బు పరీక్షకి రక్తం తీశామా?"

రౌకురా తల ఊపింది. "పుట్టిన రోజే తీసుకెళ్ళాడట మీ ల్యాబు కుర్రాడు. నేను ఇక్కడ లేను. చెవి బిళ్ళ వేసేటప్పుడు తీస్తారనుకున్నా, అంతకుముందు అలాగే కదా తీసేవాళ్ళు."

"అంటే జబ్బని తేలిన రక్తం ఆ చచ్చిన పిల్లది."

"అవును."

"తూయిది కాదు."

"కాదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మరుసటేడు. పుట్టిన రోజే రక్తం తీస్తుంటే చూశా. అప్పటికి తూయి చూపొచ్చి తిరుగుతోంది. అప్పటికి మైరే నా చెయ్యి వదలకుండా నడవడం మొదలెట్టింది." రౌకురా కళ్ళు పైకెత్తింది. "తెలుసని నాకు నేను చెప్పుకోలేదు పిప్. మూత పెట్టేశా. అన్నం కుండ మీద మూత పెట్టినట్టు. నువ్వు ఇప్పుడు తీశావు."

ఆమెని తిట్టాలనే మనకి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ కన్నకొడుకుని పాతిపెట్టి వచ్చిన మనిషి ఒక గొర్రె ఏడుపు ఆపితే, అందులో తప్పు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించమంటే నా వల్ల కాదు.

పిప్ అటూ ఇటూ నాలుగడుగులు వేసింది. గబుక్కున ఆగింది. మొహంలోకి రక్తం వచ్చింది.

"లేదు. ఆగండి, ఆగండి. తూయి గుడ్డిదైంది! నేను నా కళ్ళతో చూశా. గోడకేసి నుదురు ఆనించి నిలబడేది. గేటుకి కొట్టుకునేది. జబ్బు లేని గొర్రె ఎందుకు గుడ్డిదవుతుంది? మందు ఇచ్చాకే కదా చూపొచ్చింది? నువ్వు ఏదో పొరబడుతున్నావ్ రౌకురా... పొరబడుతున్నావ్. మంచులో, దుఃఖంలో ఉన్నావు. ఆ రోజు తోలు తొడిగింది వేరే అంకె పిల్లకేమో!"

రౌకురా లేచి నిలబడింది. ఆ ఒక్క క్షణం ఆమె మొహం చూడాల్సింది. నీళ్ళలో మునిగినవాడికి గడ్డిపోచ దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"అవునా?" అంది. "అలా కూడా అయ్యుండొచ్చా?"

మర్డో దగ్గాడు. ఆ దగ్గు విని ఇద్దరూ అటు తిరిగారు.

"నేనూ ఒకటి చెప్పాల" అన్నాడు. ఆయన వాళ్ళకేసి చూడటం లేదు, తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు. "ఆ వారం గుడ్డిదయింది తూయి ఒక్కటే కాదు. ఎండిన గడ్డి అయిపోయిందని అన్నిట్నీ లేత ఆకుమేతలోకి వదిలా. మేత ఉన్నట్టుండి మారితే ఒక్కోసారి అంతే. గుడ్డివవుతాయి, తల గోడకి ఆనిస్తాయి. మామూలు మందలో ఇంకో నాలుగు అట్టాగే అయినయ్. బి విటమిను సూది ఏశా. ఏస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటయ్. మా తాత కాలంలో అయితే సచ్చేయి. ఇప్పుడు సూదుంది."

"తూయికి కూడా వేశారా?" అంది పిప్.

"మందలో ఉన్న గొర్రెకి ఏసిన చెయ్యి, దీనికి మాత్రం ఎట్టా ఆగిద్ది? పరీక్ష గొర్రెలకి ఏమీ ఇయ్యొద్దన్నారు మీరు. తెలిసే ఏశా. మీరొచ్చి మందు ఎక్కించడానికి ముందు రోజు."

"ఎందుకు చెప్పలేదు? రెండేళ్ళు దాటింది! ఎందుకు చెప్పలేదు మర్డో!"

పిప్ అరవగా ఎవరూ వినలేదు అంతవరకూ. దడిలో తల్లి గొర్రె బెదిరి, అరువు పిల్లని తన వెనక్కి నెట్టుకుంది.

"ఎట్టా చెప్పను డాక్టరమ్మా? ఆ రోజు తూయి గేటు చూసి పక్కకి తిరిగింది. ఈ అమ్మాయి బురదలో మోకాళ్ళ మీద కూలబడి నవ్వింది. రేవి పోయాక నవ్వడం అదే. నా సూదా, మీ మందా, నాకేం తెలుసు? మీ మందే అనుకుందామని అనుకున్నా. అనుకున్నా, అంతే."

పిప్ ఒక గడ్డిమోపు మీద కూలబడింది. "మందు ఎక్కించే ముందు మెదడు స్కాన్ తియ్యాల్సింది. మిషన్ ఆ నెల చెడిపోయింది. చూపే పోయాక ఇంక స్కాన్ ఎందుకులే అనుకున్నా. చచ్చిన మూడింటి మెదళ్ళూ ముక్కలు ముక్కలు కోసి చూశా, ఎందుకు చచ్చాయా అని. బతికినదాన్ని మాత్రం ఏమీ అడగలేదు. దాని రక్తం మళ్ళీ ఒక్కసారి చూస్తే సరిపోయేది. చూడబుద్ధి కాలేదు." మొహం చేతుల్లో పెట్టుకుంది. "వెనక్కి తిరగలేదు. ఏదీ వెనక్కి తిరగలేదు. నా దగ్గరున్నది మూడు చచ్చిన గొర్రెలు, ఒక మామూలు గొర్రె. అంతే నా దగ్గరున్నది."

రౌకురా ఆమె ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులేసింది. మాట మెల్లిగా ఉంది, అందుకే భయంగా ఉంది.

"పిప్. ఇది ఈ షెడ్డులో ముగ్గురికే తెలుసు."

"రౌకురా, వద్దు."

"విను. గురువారం నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. ఇదంతా చెప్పకపోతే చాలు."

"ఆ మూడూ మందు ఇవ్వని వాటికన్నా ముందు పోయాయి. నీకు తెలుసు. పీనుగల్ని మోసింది నువ్వే."

"మోతాదు తగ్గించావుగా?"

"తగ్గించి ఇచ్చింది జబ్బు లేనిదానికి! తగ్గిస్తే ఏమవుతుందో నాకేం తెలుసు? ఎవరికీ తెలియదు. మొదటి సూది మైరేకి. ఎక్కించేది నేను. ఈ చేత్తో." చెయ్యి చాపి చూపించింది. "ఇంకా రెండేళ్ళు మాట్లాడుతుందేమో, నాలుగేళ్ళు నడుస్తుందేమో. ఆ ఏళ్ళు తీసేసుకోమంటావా నన్ను?"

"ఆ ఏళ్ళు నాకు తెలుసు పిప్. ఒకసారి చూశాను. ప్రతి రోజూ చూశాను. నువ్వు గొర్రెల్లో చూశావు. మింగడం మర్చిపోయిన పిల్లాడి నోట్లో చెంచా పెట్టావా ఎప్పుడైనా? ఏమీ చెయ్యకుండా కూర్చో అంటావు. ఆశ లేకుండా కూర్చోమంటావు. ఎలా కూర్చోవాలో కూడా చెప్పు మరి."

మిగతా ఎనిమిదిమంది పిల్లల తల్లుల్ని తలుచుకో అని అనబోయి పిప్ నోరు మూసుకుంది. ఆ తల్లులందరూ ఇదే మాట అంటారని ఆమెకి తెలుసు.

చివరికి లేచి పెట్టె తెరిచి, ఒక సిరంజి, రెండు ఖాళీ ట్యూబులు తీసి రౌకురా చేతిలో పెట్టింది. "తూయి రక్తం తియ్యి. ఒకటి చాలు, రెండోది పగిలితే పనికొస్తుంది. నేను గట్టెక్కి ల్యాబుకి ఫోన్ చేస్తా, రేపటికి చెప్పమంటా. మాటల మీద ఏదీ ఆపను, ఏదీ నడపను. రక్తంలో జబ్బుంటే, నువ్వు పొరబడ్డావని నాకన్నా సంతోషించేవాళ్ళు ఉండరు."

"నన్ను తియ్యమంటున్నావా? ఇంత విన్నాక కూడా?"

"ఇది నాకు చెప్పక్కర్లేకుండానే చెప్పావు. నిన్ను కాక ఇంకెవర్ని నమ్మను?"

సిగ్నల్ కోసం ఆమె వానలోనే గట్టెక్కుతూ పోయింది.

తూయి పైదొడ్డిలో ఉంది. రౌకురాని దూరం నుంచే చూసి పరిగెత్తుకొచ్చింది, చూసి, కళ్ళతో చూసి. జేబులో అల్లం బిస్కట్ల కోసం మూతి దూర్చింది. రెండేళ్ళుగా అది అలా దూర్చినప్పుడల్లా రౌకురాకి ప్రాణం లేచి వచ్చేది. ఇవాళ ఆ మూతి బరువుగా తగిలింది. మర్డో తల పట్టుకున్నాడు, ఆమె మెడ దగ్గర ఉన్ని పాయ తీసి సూది గుచ్చింది. ట్యూబు నిండింది, మీద అరవై మూడని రాసి కుడి జేబులో వేసుకుంది. తూయి బిస్కట్టు నములుతూనే ఉంది.

పొద్దుటి మాట రౌకురాకి మళ్ళీ వినిపించింది. మైరే వంటింట్లో గోడ తడుముకుంటూ వచ్చి అడిగింది. "అమ్మా, తూయికి మళ్ళీ కనిపించింది కదా. నాకు ఎప్పుడు కనిపిస్తుంది?" గురువారం తర్వాత అంది రౌకురా. గురువారానికి ఇంకా ఎన్ని నిద్రలు అని మైరే వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఒక వేలు తప్పిపోయింది, మళ్ళీ మొదలెట్టింది.

రౌకురా ఆ తలపులోంచి తేరుకుని చూసేసరికి మర్డో పక్కన లేడు. కింద జబ్బు గొర్రెల దొడ్డిలో ఉన్నాడు. అక్కడ గొర్రెలు కమ్మీలకి నుదుళ్ళు ఆనించి, వాన ఎటు నుంచి వస్తోందో కూడా తెలియకుండా నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద వంగి ఉన్న ముసలాయన నడుం పట్టుకుని లేచి, కుంటుకుంటూ వచ్చాడు. వచ్చి రెండో ట్యూబు ఆమె ఎడం జేబులో వేశాడు. అదీ నిండుగా ఉంది, జబ్బు గొర్రె రక్తంతో.

"దాని మీద కూడా అరవై మూడని రాశా" అన్నాడు.

"బాబాయ్!"

"నన్నేం అడగొద్దు. చెయ్యమనీ అనను, వద్దనీ అనను. మైరేని రోజూ బండి మీద ముందేసుకుని తిప్పుతున్నా. నాకు గురువారం తర్వాత సంగతి తెలవదు. నువ్వు తల్లివి." మొహం తుడుచుకున్నాడు. వానో ఏమో. "చేస్తే పాపం నాదని చెప్పు. నేనెటూ పోయేవాణ్ణే."

గట్టు మీద నుంచి పిప్ దిగి వస్తోంది. జారుతోంది, కంచె పట్టుకుంటోంది, మళ్ళీ దిగుతోంది. రౌకురా కుడి చెయ్యి కుడి జేబులో పెట్టుకుంది, ఎడం చెయ్యి ఎడం జేబులో పెట్టుకుంది. రెండు ట్యూబులూ ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఏది ఎక్కువ వెచ్చగా ఉందో తెలియడం లేదు.

"తీశావా?" పిప్ రొప్పుతూ దగ్గరికొచ్చి అరచెయ్యి చాపింది. "ల్యాబువాళ్ళు రేపు మధ్యాహ్నానికి చెప్తామన్నారు. ఏదీ, ఇలా ఇవ్వు."

మర్డో మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రౌకురా ఒక చెయ్యి బయటికి తీసింది.